కడబంతిలోనూ కరెంటు కారు

పొగ వదలని కారు కొనేవాళ్లకు ప్రభుత్వాలు రాయితీలిస్తున్నాయి. ఆ డబ్బు ఎవరి ఇంటికి చేరుతోంది? కాలిఫోర్నియాలోని ఓ లోయ పదేళ్లుగా ఈ ప్రశ్నతో కుస్తీ పడుతోంది. అక్కడ నేర్చిన పాఠం మనకూ పనికొస్తుంది.

శాన్ వాకీన్ లోయలో వారాంతపు ఉచిత పొగ పరీక్ష శిబిరాలకు తెల్లవారకముందే కార్లు బారులు తీరతాయి. రంగు వెలిసిన పాత సెడాన్లు, సొట్టలు పడ్డ పికప్‌లు. గేటు తెరిచాక ఒక్కొక్కటే ముందుకు జరుగుతుంది. కార్యకర్త సైలెన్సర్ గొట్టంలోకి సన్నటి కడ్డీ దూర్చి తెర మీద అంకెలు చూస్తాడు. స్టీరింగు ముందున్న మనిషి ఆ అంకెల కోసమే ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తాడు. కాలిఫోర్నియాలో చాలా కార్లకు రెండేళ్లకోసారి ‘స్మాగ్ చెక్’ తప్పదు. అందులో తప్పితే రిజిస్ట్రేషన్ రెన్యువల్ కాదు. బస్సులు అంతంతమాత్రమైన ఊళ్లలో, కారు మూలపడితే పొలం పనికి ఎలా వెళ్లేది?

కొండకు అటూ ఇటూ

కాలిఫోర్నియా అంటే మనకు గుర్తొచ్చేది ఫ్రీమాంట్, శాన్‌హోసె. మన పిల్లలు ఉద్యోగాలు చేస్తున్న ఊళ్లు. ఏ వీధి చూసినా టెస్లాలే. అక్కణ్నుంచి కొండలు దాటి మూడు గంటలు ప్రయాణిస్తే శాన్ వాకీన్ లోయలోని ఫ్రెస్నో వస్తుంది. బాదం తోటలు, ద్రాక్ష తోటలు, వాటిలో కూలికి వెళ్లే కుటుంబాలు. తూర్పున సియెర్రా నెవాడా, పడమట కోస్తా కొండలు, దక్షిణాన మరో కొండల వరస. చలికాలంలో పైన వెచ్చటి గాలి పొర కమ్ముకుంటే గిన్నెకు మూత పెట్టినట్టే. లారీల పొగ, పొలాల దుమ్ము, పాత కార్ల పొగ అన్నీ లోపలే నిలిచిపోతాయి. అమెరికాలో గాలి బాగా చెడిపోయిన ఊళ్ల జాబితా ఏ ఏడు తీసినా ఈ లోయలోని ఫ్రెస్నో, బేకర్స్‌ఫీల్డ్ పైవరసలో కనిపిస్తాయి.

పొగ రాని కారు అత్యవసరమైంది ఈ లోయకే. రాయితీ డబ్బు మాత్రం చాలాకాలం కొండకు అవతలే ఆగిపోయింది.

ముందు వరసకే వడ్డన

ఎందుకలా? అమెరికా కేంద్ర ప్రభుత్వం కొత్త ఎలక్ట్రిక్ కారు మీద ఇచ్చిన రాయితీ 7,500 డాలర్ల దాకా ఉండేది. కానీ 2023 దాకా అది చేతికిచ్చే డబ్బు కాదు, కట్టాల్సిన ఆదాయపు పన్నులో తగ్గింపు. ఏడాదికి వెయ్యి డాలర్ల పన్ను కట్టే కుటుంబానికి దక్కేది వెయ్యే. అదైనా పూర్తి ధర పెట్టి కారు కొని, ఆ తర్వాత రిటర్న్ దాఖలు చేసినప్పుడే. చేతిలో డబ్బున్నవాళ్లకు ఆ ఎదురుచూపు లెక్కలోది కాదు. లేనివాళ్లకు అసలు తలుపే తెరుచుకోలేదు.

బర్క్‌లీ ఆర్థికవేత్తలు సెవెరిన్ బోరెన్‌స్టైన్, లూకాస్ డేవిస్ పన్ను రికార్డులు తిరగేసి ఒక లెక్క తేల్చారు. ఎలక్ట్రిక్ కార్ల పన్ను రాయితీలో దాదాపు 90 శాతం, ఆదాయంలో పైనున్న అయిదో వంతు జనానికే వెళ్లింది. విస్తళ్లన్నీ ముందు బంతిలోనే నిండాయి. పొగ పీల్చేవాళ్లు కడబంతిలో ఖాళీ ఆకుల ముందు కూర్చున్నారు.

పాత కారుకు కొత్త విలువ

ఈ అన్యాయాన్ని సరిదిద్దాలని 2014లో కాలిఫోర్నియా ఒక చట్టం తెచ్చింది. మరుసటి ఏడాది శాన్ వాకీన్ లోయలో, లాస్ ఏంజెలిస్ ప్రాంతంలో పథకం మొదలైంది. తర్వాత దానికి ‘క్లీన్ కార్స్ ఫర్ ఆల్’ అన్న పేరు స్థిరపడింది. కర్బన ఉద్గారాల పర్మిట్లను వేలం వేయగా వచ్చిన సొమ్మే దీనికి మూలధనం. పొగ వదిలేవాళ్ల డబ్బుతోనే పొగ పీల్చేవాళ్లకు సాయం అన్నమాట.

పద్ధతి సులువు. పొగ కక్కే పాత కారును అప్పగిస్తే తుక్కు చేసేస్తారు, అది ఇంకో వీధిలో మళ్లీ తిరగకుండా. బదులుగా మొదట్లో 9,500 డాలర్ల దాకా, తర్వాత 12,000 దాకా సాయం. ఆదాయం ఎంత తక్కువైతే సాయం అంత ఎక్కువ. సెకండ్‌హ్యాండ్ కారైనా సరే. కారే వద్దనుకుంటే బస్సు, రైలు ప్రయాణాలకో ఎలక్ట్రిక్ సైకిలుకో 7,500 డాలర్ల దాకా ఇస్తారు.

అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటుంది. డబ్బు నేరుగా డీలరుకే వెళ్తుంది. కొనేవాడు ముందుగా అంత సొమ్మూ పోగు చేసుకోనక్కర్లేదు. ధరలో ఆ మేరకు అక్కడికక్కడే కోత పడుతుంది. పథకం ప్రాణమంతా ఈ చిన్న ఏర్పాటులోనే ఉంది.

ఆ పొగ పరీక్ష శిబిరాలూ అందుకే ఫలించాయి. అక్కడికొచ్చేవాళ్లలో చాలామంది భూతాపం మీద బెంగతో రారు, బండి ఆగకుండా చూసుకోవడానికి వస్తారు. మరమ్మతుతో బాగయ్యే కారుకు వోచర్, బాగుకాని కారుకు పథకం దరఖాస్తు. స్పానిష్‌లో మాట్లాడి కాగితాలు నింపించే మనుషులు అక్కడే ఉంటారు.

లోటుపాట్లు లేవని కాదు. నిధులు నిండుకుని దరఖాస్తులు ఆపేసిన రోజులున్నాయి. అద్దె ఇళ్లలో రాత్రిపూట ఛార్జింగ్ పెట్టుకునే చోటు దొరకడం కష్టం. ఇక కేంద్ర పన్ను రాయితీ 2025 సెప్టెంబరు 30తో పూర్తిగా ఆగిపోయింది.

నెలకు వంద యూరోలు

కడబంతిని మరిస్తే కుదరదన్న పాఠాన్ని ఫ్రాన్స్ రోడ్డు మీద నేర్చుకుంది. 2018 నవంబరులో ఇంధన పన్ను పెంపు మీద పసుపు జాకెట్ల ఉద్యమం భగ్గుమంది. ఊరికి దూరంగా ఉండి, కారు లేనిదే పనికి వెళ్లలేనివాళ్ల ఆక్రోశమది. 2024 జనవరిలో అక్కడి ప్రభుత్వం నెలకు 100 యూరోల నుంచి ఎలక్ట్రిక్ కారు అద్దెకిచ్చే పథకం తెచ్చింది. తక్కువ ఆదాయం ఉండాలి. పని చేసే చోటు ఇంటికి కనీసం 15 కిలోమీటర్ల దూరంలో ఉండాలి, లేదా ఉద్యోగరీత్యా ఏటా 8,000 కిలోమీటర్లకు మించి తిరగాలి. ఒక్కో కారుకు 13,000 యూరోల దాకా ప్రభుత్వమే భరించింది. ఆరు వారాల్లో 50,000 కార్లకు గిరాకీ వచ్చి గేట్లు మూయాల్సి వచ్చింది. పేదలకు పర్యావరణం పట్టదనేవాళ్లకు ఈ అంకె చాలు.

మన గడప దగ్గర

మరి మన సంగతి? తెలంగాణ 2024 నవంబరులో ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు ఎత్తేసింది. 2026 డిసెంబరు దాకా అమల్లో ఉండేలా ఇచ్చిన మంచి మినహాయింపు ఇది. అయితే పన్ను ధరను బట్టి ఉంటుంది కాబట్టి, కారు ఖరీదు పెరిగేకొద్దీ మిగిలే సొమ్మూ పెరుగుతుంది. కొనేవాళ్ల ఆదాయం ఎంతని ఎవరూ అడగరు. కేంద్రం 10,900 కోట్లతో తెచ్చిన పీఎం ఈ-డ్రైవ్ సొంత కార్లను పక్కనపెట్టి స్కూటర్లు, ఆటోలు, బస్సుల మీద దృష్టి పెట్టింది. మన దగ్గర ఆ చూపే సరైనది. ఇక్కడ కూడలిలో రోజంతా పొగ పీల్చేది ఆటో అన్నే కదా.

కానీ ఆ అన్న ఎలక్ట్రిక్ ఆటో కొనాలంటే అడ్డుపడేది డౌన్‌పేమెంట్, ఫైనాన్స్ వడ్డీ, పాత ఆటో మీద మిగిలిన కిస్తీలు. పాత బండిని తుక్కుకు తీసుకుని, డౌన్‌పేమెంట్ భారం మోసి, ఆటో స్టాండు దగ్గరే కాగితాలు నింపించే ఏర్పాటు కావాలి. ఫ్రెస్నో శిబిరాల్లో చేసింది ఇదే.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ప్రభుత్వం అందరికీ మనవాడే కావాలి. అప్పుడు గరిటె కడబంతి నుంచే కదలాలి.