మీకు తెలుసా? మోకాళ్ల దాకానే, కానీ ఎనిమిది గజాలు!

స్కాట్లాండ్ మగవాళ్లు కట్టుకునే కిల్టు మోకాలు దాటదు గానీ, పద్ధతి ప్రకారం కుట్టిన దానికి పట్టే బట్ట 8 గజాలు, అంటే 7.3 మీటర్లు. జాకెట్టు ముక్క తీసేస్తే మన మామూలు చీర పొడవు ఐదున్నర మీటర్లే! అమ్మమ్మల కాలపు తొమ్మిది గజాల చీర అయితే కిల్టును ఓడిస్తుందనుకోండి. లుంగీ కొంటే వచ్చేది సుమారు రెండు మీటర్లు.

అంత బట్టా ఎక్కడికి పోతుంది? కుచ్చిళ్లలోకి. పంచెకు కుచ్చిళ్లు ముందుంటాయి, కిల్టుకు వెనక. ముందు భాగం రెండు పొరలుగా, సాపుగా ఉంటుంది. మందపాటి ఉన్నితో కుడితే బరువు రెండు కిలోలకు దగ్గరపడుతుంది. పల్నాడు ఎండల్లో ఆ ఊహకే చెమటలు పడతాయి.

అందుకే రోజువారీ వాడకానికి మొదటిసారి కొనేవాళ్లు చాలామంది తక్కువ బట్టది చూసుకుంటారు: నాలుగైదు గజాల్లో, ఉన్నికి బదులు పాలిస్టర్-విస్కోస్ నేతతో, మిషను కుట్టుతో. ధర బాగా దిగుతుంది. కొలతకు మాత్రం ప్యాంటు సైజు చెబితే కుదరదు. సంప్రదాయ కిల్టును బొడ్డు ఎత్తున కడతారు కాబట్టి టేపు అక్కడే పెట్టాలి. పొడవు మోకాలిచిప్ప మధ్యకు రావాలి. దీనికి జేబులుండవు. డబ్బులకు ముందు వేలాడే తోలుసంచి, స్పోరన్, విడిగా కొనాలి. జేబులు కావాల్సిందే అనుకునేవాళ్లకు యుటిలిటీ కిల్టు అని వేరే రకం ఉంది, గట్టి నూలు గుడ్డతో కుట్టింది.