పట్టా లేనివాడికి భూమి పోలేదా?

గాజువాక చుట్టుపక్కల నిర్వాసితుల కాలనీల్లో ఏ అరుగుమీద కూర్చున్నా ఆర్‌ కార్డు మాటే. ఉక్కు కర్మాగారానికి ఊళ్లు ఖాళీ చేసిన కుటుంబాలకు ఉద్యోగం ఆశ చూపి ఇచ్చిన కాగితం అది. దాన్ని పట్టుకుని వేలమంది నేటికీ ఎదురుచూస్తున్నారు. తండ్రి కార్డు కొడుకు చేతికొచ్చింది, కొడుక్కీ తల నెరిసింది.

మరి సెంటు భూమి లేనివాళ్ల సంగతో? పరాయి పొలంలో నాట్లేసి, కోసి, నూర్చి బతికిన కూలీలు, కంబారీలు, నోటిమాట మీద కౌలు చేసినవాళ్లు. పొలం పోయిననాడే వాళ్ల పనీ పోయింది. ఆ నష్టం ఎవరు లెక్కగట్టారు?

“విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు” అంటూ 1966లో ప్రజలు తెగించి పోరాడారు. 32 మంది ప్రాణాలిచ్చారు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. 22 వేల ఎకరాలదాకా భూమి సేకరించారు. సేకరించింది తెల్లదొరలు చేసిపోయిన 1894 చట్టం కింద. దానికి కనపడేది భూమి, భూమిమీద హక్కున్నవాడు. చెమటకు అందులో ఖరీదు లేదు.

అలా తీసుకున్న భూమిలో కొంత గంగవరం పోర్టుకు పోయింది. ఆ పోర్టు 2021లో అదానీ చేతికి చేరింది. ఆ ఏడాదే జనవరి 27న ఉక్కు కర్మాగారాన్నే నూరుశాతం అమ్మేయాలని కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. కార్మికులు పోరాడాక, 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. ప్రజాప్రయోజనం పేరుతో తీసుకున్న భూమి ప్రైవేటువాడి పాలైతే, అది ఏ ప్రజల ప్రయోజనం?

రైతాంగ పోరాటాల ఫలితంగా వచ్చిన 2013 భూసేకరణ చట్టం ఒక మెట్టు పైకెక్కింది. సేకరించే ప్రాంతంలో మూడేళ్లుగా పనిచేస్తూ, దానిమీదే బతికే వ్యవసాయ కూలీ, కౌలుదారు, చేతివృత్తిదారు కుటుంబాలను కూడా బాధిత కుటుంబాలుగా ఒప్పుకుంది. ఎవరెవరు దెబ్బతింటారో ముందే తేల్చే సామాజిక ప్రభావ అంచనా పెట్టింది.

పాలకులు ఊరుకుంటారా? 2018లో మన రాష్ట్రం సవరణ తెచ్చి, పారిశ్రామిక కారిడార్ల వంటి వాటికి ఆ అంచనా లేకుండానే భూమి తీసుకునే దారి తెరిచింది. కూలీ పేరు కాగితమెక్కే మొదటి గుమ్మమే మూసేశారన్నమాట.

ఇప్పుడు అనకాపల్లి జిల్లా నక్కపల్లిలో ఆర్సెలార్‌ మిట్టల్‌ – నిప్పన్‌ ఉక్కు కర్మాగారం వస్తుందంటున్నారు. ఫ్యాక్టరీలు వద్దని మనం అనడం లేదు. పాత తప్పు మళ్లీ జరగనివ్వం అంటున్నాం.

రెండో గుమ్మం ఇంకా తెరిచే ఉంది. భూసేకరణకు ప్రాథమిక నోటిఫికేషన్‌ వచ్చిన 60 రోజుల్లోగా కలెక్టరుకు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పుకోవచ్చు. బతుకుతెరువు పోయేవాడికీ ఆ హక్కుంది. ఆ తర్వాత జరిగే కుటుంబాల సర్వేలో భూమిలేనివాళ్ల జీవనోపాధి నష్టాన్ని కూడా రాయాలని చట్టం చెబుతోంది. పునరావాస ముసాయిదాపై ఊళ్లో బహిరంగ విచారణ జరగాలి.

అందుకని ఊరూరా సంఘం ఇప్పుడే పేర్లు రాయాలి. ఎవరు ఎవరి పొలంలో ఎన్నేళ్లుగా చేస్తున్నారో, ఆడకూలీల పేర్లు విడిగా. రేషన్‌ కార్డు, జాబ్‌ కార్డు నకళ్లు దాచాలి. సర్వేకొచ్చిన అధికారి పట్టాదారు వాకిట్లోంచే తిరిగిపోతానంటే, కూలిపేటకు తీసుకెళ్లాలి.

యాభై ఏళ్లనాడు మనవాళ్ల పేరు ఎవరూ రాయలేదు. ఈసారి మనమే రాసుకుందాం. రాసుకుని, నిలబడదాం.