చిన్న బోర్డు కావాలంటే ముందు దేన్ని తగ్గించాలి? నాన్నమ్మ లాకెట్ కథ

మీలో చాలామంది అడుగుతున్నారు, "అన్నా, ఇయర్‌బడ్స్‌లో అంత సర్క్యూట్ ఎలా పడుతుంది? మనం ఇంట్లో చేస్తే సబ్బుపెట్టె సైజు ఎందుకు వస్తుంది?" అని. నేను ఇదే ప్రశ్నతో ఎనిమిది నెలలు కొట్టుకున్నా. అందుకే థియరీగా కాకుండా, నేను పాడుచేసిన బోర్డుల మీదుగానే చెప్తా.

నేను మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తా. హార్డ్‌వేర్ నా ఉద్యోగం కాదు, శనాదివారాల పిచ్చి. మా నాన్నమ్మ జనగామ దగ్గర ఊళ్లో ఉంటుంది. పగలంతా ఇంట్లో ఒక్కతే. పోయినేడాది బావి గట్టు దగ్గర పడిపోయి గంటన్నర ఎవరూ చూడలేదు. ఫోన్ ఇంట్లో ఉంది, ఆమె బయట ఉంది. అందుకని మెడలో వేసుకునే లాకెట్ ఒకటి చేద్దామనుకున్నా. బటన్ నొక్కితే వైఫై ద్వారా మా నాన్నకీ నాకూ మెసేజ్ రావాలి. అంతే.

మొదటిది పనిచేసింది. పట్టుకెళ్లి మెడలో వేస్తే ఆమె అన్న మాట: "గిదేందిరా, మెడల తాళంకప్ప లెక్కున్నది. నేనెయ్య." తీసి గూట్లో పెట్టేసింది. అక్కడే నాకు అర్థమైంది, సైజు అనేది అందం కోసం కాదు. పెద్దగా ఉంటే వేసుకోదు, వేసుకోకపోతే అది లేనట్టే.

సరే, చిన్నది చేయాలి. అందరిలాగే నేనూ ముందు రెసిస్టర్ల మీద పడ్డా. కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి 0402 సైజువి తెచ్చుకున్నా. ఈ నంబర్లు తెలియనివాళ్లకి వంటింటి లెక్కలో చెప్తా. 0603 అంటే 1.6 × 0.8 మిల్లీమీటర్లు, సన్న నూక అనుకోండి. 0402 అంటే 1.0 × 0.5, బొంబాయి రవ్వ. 0201 అంటే 0.6 × 0.3. దాన్ని దగ్గర పెట్టుకుని తుమ్మకూడదు.

ఇక్కడ నేను చేసిన తప్పు మీరు చేయొద్దు. ఈ సైజు నంబర్లు రెండు పద్ధతుల్లో ఉన్నాయి, ఒకటి అంగుళాల లెక్క, ఇంకొకటి మిల్లీమీటర్ల లెక్క. మనం మాటల్లో 0402 అంటే అంగుళాలది. మిల్లీమీటర్ల లెక్కలో కూడా 0402 ఉంది, కానీ అది 0.4 × 0.2 మిల్లీమీటర్లు, పూర్తిగా వేరే పార్టు! కికాడ్‌లో వెతికితే రెండు పేర్లూ వస్తాయి: "0402_1005మెట్రిక్", "01005_0402మెట్రిక్". నేను రాత్రి ఒంటిగంటకి 0402 అనే అంకె చూసి రెండోది పెట్టేశా. బోర్డులు అయిదు వచ్చాయి. రెసిస్టర్ పెడితే ప్యాడ్లు దాని కింద దాక్కుంటున్నాయి. అయిదూ చెత్తబుట్టలోకి.

ఆ కోపంలో కాగితం తీసుకుని లెక్క వేశా. ముందే వేయాల్సింది. నా బోర్డులో రెసిస్టర్లు 12. అన్నీ 0603 నుంచి 0402కి మార్చితే మిగిలేది, పార్టుల కొలత మటుకే చూస్తే, 9 చదరపు మిల్లీమీటర్ల పైచిలుకు. వోల్టేజ్ రెగ్యులేటర్ ఏఎమ్ఎస్ 1117, ఎస్ఓటీ-223 ప్యాకేజీ. కాళ్లతో కలిపి 6.5 × 7, అంటే 45. దాని బదులు ఎస్ఓటీ-23-5 ప్యాకేజీది పెడితే 2.9 × 2.8, అంటే 8. ఒక్క పార్టుతో 37 మిగిలింది. ఇక వైఫై మాడ్యూల్. ఈఎస్‌పీ32 వ్రూమ్ 18 × 25.5. ఈఎస్‌పీ32 సీ3 మినీ 13.2 × 16.6. ఇక్కడ మిగిలింది 240! నేను 9 కోసం కళ్లు పోగొట్టుకుంటుంటే 240 పక్కనే కూర్చుని ఉంది.

ఎత్తు సంగతీ అంతే. లాకెట్ మందం పెంచింది చిప్పులు కాదు, బ్యాటరీ కనెక్టర్. నిలువుగా ఉండే జేఎస్‌టీ పీహెచ్ కనెక్టర్‌కి వైరు గుచ్చితే 8 మిల్లీమీటర్లు. బ్యాటరీయే 4! కనెక్టర్ పీకేసి వైర్లు నేరుగా బోర్డుకి అతికించా. అన్నట్టు, లిథియం పాలిమర్ బ్యాటరీ మీద 402025 లాంటి నంబర్ ఉంటుంది చూడండి. 4.0 మందం, 20 వెడల్పు, 25 పొడవు అని అర్థం. డ్రాయింగ్ మొదలుపెట్టేముందు బ్యాటరీ, యూఎస్‌బీ-సీ సాకెట్, మాడ్యూల్, బటన్, ఈ నాలుగూ కాగితం మీద కత్తిరించి డబ్బాలో పెట్టి చూడండి. మిగతావన్నీ వాటి సందుల్లో దూరిపోతాయి.

రెగ్యులేటర్ గురించి ఇంకో మాట, ఎందుకంటే ఏఎమ్ఎస్ 1117ని అందరూ డెవలప్‌మెంట్ బోర్డుల నుంచి కళ్లు మూసుకుని కాపీ కొడతారు. దానికి 3.3 వోల్టులు ఇవ్వాలంటే లోపలికి ఒక వోల్ట్ పైన ఎక్కువ కావాలి. లిథియం బ్యాటరీ ఫుల్ చార్జిలోనే 4.2. ఇంకెక్కడ సరిపోతుంది? పైగా ఏ పనీ చేయకుండానే దాదాపు 5 మిల్లీఆంపులు తాగుతుంది. నా బ్యాటరీ 150 మిల్లీఆంప్ అవర్లు. 150ని 5తో భాగించండి, 30 గంటలు. నాన్నమ్మ బటన్ ముట్టుకోకపోయినా రెండోరోజుకి బ్యాటరీ ఖాళీ. నేను వేసిన ఏపీ2112 తాగేది 55 మైక్రోఆంపులు. చిన్నదీ అదే, మంచిదీ అదే. ఇలాంటి బేరం ప్రతిసారీ దొరకదు, దొరికినప్పుడు వదలొద్దు.

మూడో బోర్డు వచ్చింది. 34 మిల్లీమీటర్ల గుండ్రం, ముద్దుగా ఉంది. టేబుల్ మీద బాగా పనిచేసింది. బ్యాటరీ కొంచెం దిగాక బటన్ నొక్కితే లైట్ వెలిగి, ఆరి, మళ్లీ వెలిగి... రీసెట్ అవుతోంది. మెసేజ్ పోవట్లేదు. ఒక్కసారి ఆలోచించండి, ఆమె కింద పడి బటన్ నొక్కితే ఇది జరిగితే?

ఫ్రెండ్ దగ్గర ఆసిలోస్కోప్ పెట్టి చూస్తే విషయం తెలిసింది. వైఫై సిగ్నల్ పంపే క్షణంలో మాడ్యూల్ 300 మిల్లీఆంపుల పైన లాగుతుంది. రెగ్యులేటర్ తేరుకునేలోపు ఆ లోటు పూడ్చాల్సింది పక్కనున్న కెపాసిటర్. అక్కడ నేను 10 మైక్రోఫారడ్, 6.3 వోల్టులది, ఉత్సాహం కొద్దీ 0402 సైజులో పెట్టా. చిన్న సిరామిక్ కెపాసిటర్లలో ఒక గుణం ఉంది. వాటి మీద డీసీ వోల్టేజ్ పడితే కెపాసిటెన్స్ పడిపోతుంది. ఎక్స్5ఆర్, ఎక్స్7ఆర్ రకాలన్నిటికీ ఇది ఉంటుంది. ఒకే విలువని ఎంత చిన్న సైజులో కుక్కితే అంత ఎక్కువ పడుతుంది. బిందె మీద 10 లీటర్లు అని రాసి ఉంటుంది, పోస్తే సగం కూడా పట్టదు. 6.3 వోల్టుల రేటింగ్ అంటే అక్కడిదాకా పేలదని అర్థం, 10 మైక్రోఫారడ్ అలాగే ఉంటుందని కాదు. మురాటా వాళ్ల సిమ్‌సర్ఫింగ్ అనే ఉచిత టూల్‌లో పార్ట్ నంబర్ కొడితే ఏ వోల్టేజ్‌కి ఎంత మిగులుతుందో గ్రాఫ్ వస్తుంది. ఫోన్‌లో కూడా చూడొచ్చు. నేను అక్కడ 22 మైక్రోఫారడ్, 10 వోల్టులది, 0805 సైజులో వేశా. మాడ్యూల్ పవర్ పిన్‌కి ఆనించి పెట్టా. బ్యాటరీ కూడా ఒక్కసారిగా అంత కరెంట్ ఇవ్వగలిగేది తీసుకున్నా. రీసెట్ పోయింది.

యాంటెన్నా సంగతి తొందరగా చెప్పేస్తా. మాడ్యూల్‌లో యాంటెన్నా ఉన్న చివర బోర్డు అంచుకి రావాలి, దాని కింద రాగి ఉండకూడదు, వెనక బ్యాటరీ రాకూడదు. అక్కడ ఖాళీగా కనిపించే చోటు ఖాళీ కాదు, దాని జోలికి పోవద్దు.

మరి 0402, 0201 అసలు వాడొద్దా అంటే, ఎవరు అతికిస్తారో చూసుకోండి. మన కొంగరకలాన్ ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో ఎయిర్‌పాడ్స్ తయారవుతున్నాయి కదా, అలాంటి చోట పార్టులు పెట్టేది మెషీన్. చేతికీ ట్వీజర్‌కీ 0603 హాయి, 0402 దాకా ఓపిక. కాళ్లు అడుగున ఉండే చిప్పులకి హాట్ ఎయిర్ కావాలి. అది ఇంట్లో లేకపోతే రాయదుర్గంలో టీ-వర్క్స్ ఉంది. 2023 మార్చి 2న మొదలైన ప్రోటోటైపింగ్ కేంద్రం, 78,000 చదరపు అడుగులు, మెట్రో దిగితే దగ్గరే. డిజైన్ గీయకముందే అడగండి, ఏ సైజు దాకా చేయించుకోవచ్చు అని. గీశాక అడిగితే నాలాగే అయిదు బోర్డులు పారేస్తారు.

నాలుగో బోర్డులో రెసిస్టర్లన్నీ మళ్లీ 0603కే వచ్చేశాయి. అయినా లాకెట్ మందం 11 మిల్లీమీటర్లు, మొదటిది 19. పోయిన నెల నుంచి నాన్నమ్మ మెడలోనే ఉంది. వారానికోసారి ఊరికే నొక్కి మా నాన్నని కంగారు పెడుతుంది. ఇప్పుడు ఆమె కంప్లైంట్ ఒక్కటే, నల్లరంగు వద్దట, పసుపు కావాలట. డబ్బా 3డీ ప్రింటింగ్ వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. ఉంటా.