బిడ్డ బువ్వ ముట్టడం లేదా? కంగారు ఎప్పుడు?

గోదావరిఖని: "మా బిడ్డ బువ్వ ముట్టడు" అని గనుల కాలనీల్లో, చుట్టుపక్కల పల్లెల్లో అనని తల్లి ఉండదు. చాలాసార్లు అది జబ్బు కాదు. మొదటి ఏడాదిలో బిడ్డ బరువు మూడింతలవుతుంది. రెండో ఏడాది పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. ఎదుగుదల నెమ్మదిస్తే ఆకలీ తగ్గుతుంది.

మరో కారణం చాయ్. తండ్రి మొదటి షిఫ్టుకు బయలుదేరే వేళ పొయ్యి మీద చాయ్ మరిగితే బిడ్డకూ ఓ గ్లాసు, బిస్కెట్లు. షిఫ్టు దిగి వస్తూ మిక్చర్ పొట్లం. ఇక అన్నానికి ఆకలెక్కడిది? పైగా చాయ్ తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. రక్తం తగ్గితే ఆకలి చస్తుంది. చాయ్ మానిపించండి. పప్పన్నం, గుడ్డు కొద్దికొద్దిగా పెట్టండి. నోట్లో కుక్కకండి. ఏడాది దాటితే అంగన్‌వాడీలో నులిపురుగుల మాత్ర వేయించండి.

బరువు పెరగకున్నా, పాదాలు ఉబ్బినా, జ్వరం, విరేచనాలు తగ్గకున్నా, బిడ్డ ఆడకుండా మగతగా పడి ఉన్నా దిష్టి తీసి ఊరుకోవద్దు. నెలనెలా అంగన్‌వాడీలో తూకం వేయించండి. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు బిడ్డకు జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తక్కువుంటే అది ప్రమాదం. ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకుపోవాలి.