పదికి నాలుగు, పన్నెండు గంటలు

చెంచాతో తీసిన చోట గుంట అలాగే నిలిచిపోయింది. హలీం ప్లేటు నా ముందుకొచ్చి ఐదు నిమిషాలు కాలేదు, ఆవిరి ఇంకా లేస్తూనే ఉంది. అయినా ఆ గుంట అంచులు, చల్లారిన ఉప్మాను గరిటెతో కోసినట్టు, నిటారుగా నిలబడ్డాయి. రంజాన్ సాయంత్రం, చార్మినార్‌కు కూతవేటు దూరంలో ఓ సందు మలుపు. ఎదురుగా కూర్చున్న మిత్రుడు శాలిబండలో పుట్టి పెరిగినవాడు. చెంచా పక్కన పెట్టి, "ఇందుల మటన్ తక్కువున్నది భాయ్, గోధుమ ఎక్కువున్నది" అన్నాడు. నోట్లో పెట్టకుండానే ఎలా తెలిసిందని అడిగాను. "గుంట పూడలే, చూడు" అన్నాడు.

అప్పటిదాకా నేను హోటల్‌ను ఎంచుకున్నది బోర్డు మీద పేరు చూసి, బయట జనం చూసి. ఆ మాట విన్నాక హలీం గురించి కాగితం మీద ఏముందో వెతికాను. లెక్క స్పష్టంగానే ఉంది. 2010లో హైదరాబాదీ హలీంకు జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది. దేశంలో ఒక మాంసాహార వంటకానికి ఆ గుర్తింపు దక్కడం అదే మొదటిసారి. దాని ప్రకారం మాంసం మేకదే కావాలి. మాంసం పది పాళ్లయితే గోధుమ నాలుగు పాళ్లు. నెయ్యి ల్యాబ్‌లో పరీక్షించిన స్వచ్ఛమైన నెయ్యి. పాత్ర రాగిది, మంట కట్టెలది, ఉడకాల్సిన సమయం దాదాపు 12 గంటలు. 2019లో యునెస్కో హైదరాబాద్‌ను ఆహార కళల సృజనాత్మక నగరాల్లో చేర్చింది, ఆ వార్త అందరికీ తెలుసు. ఈ పదికి నాలుగు లెక్క మాత్రం తినేవాళ్లలో చాలామందికి తెలియదు. ప్లేటు ముందు కూర్చున్న మనిషికి అక్కరకొచ్చేది ఇదే.

ముందు డబ్బు లెక్క చూద్దాం. ఎముక లేని మటన్ కిలో వెయ్యి రూపాయలు, గోధుమ రవ్వ కిలో 50 రూపాయలు అనుకుందాం. గ్రాము మాంసం రూపాయి, గ్రాము రవ్వ ఐదు పైసలు. ఒక ప్లేటులోకి పచ్చి సరుకు 140 గ్రాములు పడుతుందనుకుంటే, పదికి నాలుగు చొప్పున 100 గ్రాముల మాంసం, 40 గ్రాముల రవ్వ. మాంసానికి వంద, రవ్వకు రెండు, మొత్తం 102 రూపాయలు. అదే 140 గ్రాములను చెరిసగం చేస్తే 70 రూపాయల మాంసం, మూడున్నర రూపాయల రవ్వ. ఖర్చు 73 రూపాయల 50 పైసలకు దిగుతుంది. ప్లేటుకు 28 రూపాయల 50 పైసల మిగులు. రోజుకు వెయ్యి ప్లేట్లు అమ్మే హోటల్‌కు 28,500. ముప్పై రోజులకు ఎనిమిది లక్షల 55 వేలు. ఇవి లెక్క కోసం నేను వేసుకున్న ధరలే, బజారు రేటు ఎటు మారినా నిష్పత్తి పెద్దగా మారదు. మాంసం వాటా 71 శాతం నుంచి 50 శాతానికి పడిపోతే, పైన చల్లిన వేయించిన ఉల్లిపాయలూ జీడిపప్పూ ఆ తేడాను కంటికి కనపడకుండా కప్పేస్తాయి. అందుకే కన్నూ చెంచా రెండూ కావాలి.

ఇక గుంట సంగతి. హలీం చిక్కదనం రెండు చోట్ల నుంచి వస్తుంది. మాంసంలో, ముఖ్యంగా కాలి భాగపు కండలో, కొల్లాజెన్ అనే గట్టి పదార్థం ఉంటుంది. అది సన్నటి మంట మీద గంటల తరబడి ఉడికితే జెలటిన్‌గా మారుతుంది, పాయా పులుసు తాగాక పెదవులు అతుక్కునేది దానివల్లే. రెండోది గోధుమలోని పిండిపదార్థం. జెలటిన్ సుమారు 35 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. మన ఒంటి వేడి 37, కాబట్టి అది నోట్లో పడగానే జారిపోతుంది, వేడి ప్లేటులో గడ్డకట్టే ప్రసక్తే లేదు. పిండి అలా కాదు. కొంచెం వేడి తగ్గగానే బిగుసుకుంటుంది, నోట్లో అంగిలికి అంటుకుని చెంచా చెంచాకు నీళ్లు అడుగుతుంది. మాంసం సరిపడా ఉన్న హలీంలో చెంచా తీసిన గుంట మెల్లగా, బెల్లం పాకం సర్దుకున్నట్టు, మళ్ళీ పూడుతుంది. గోధుమ పెరిగిన హలీంలో అంచులు నిలబడతాయి. శాలిబండ మిత్రుడికి కొల్లాజెన్ పేరు తెలియకపోవచ్చు, నలభై రంజాన్‌లు తిన్న చూపు ఉంది.

అదే చెంచాను నాలుగు అంగుళాలు పైకెత్తండి. సన్నటి పోగులు సాగాలి. పాతబస్తీలో దీన్ని రేషా అంటారు, మాంసపు పీచు. బట్టీ దగ్గర ఇద్దరు మనుషులు పొడవాటి కొయ్య తెడ్లతో గంటల తరబడి కలుపుతూ, దంచుతూ ఉంటే కండ నిలువునా విడిపోయి దారాలవుతుంది. ఇంట్లో చేసేవాళ్లు ఘోట్నీ అనే కొయ్య గుత్తితో మెదుపుతారు. యంత్రంలో వేస్తే బ్లేడు ఆ దారాలను అడ్డంగా కోసేస్తుంది. అప్పుడు హలీం చూడ్డానికి నున్నగా, పట్టులా ఉంటుంది, కొత్తగా తినేవాళ్లు అదే గొప్పదనం అనుకుంటారు. కొయ్యతో మెదిపిన హలీంలోనూ గోధుమ ఎక్కడా గింజగా తగలకూడదు, మాంసం మాత్రం పోగుగా తగలాలి. నాలుక మీద రవ్వ పలుకు తగిలితే, నానబెట్టడంలోనో ఉడికించడంలోనో గంటలు కొరతపడ్డట్టే.

గింజను చూసి వంటను పట్టుకోవడం హలీంకే పరిమితం కాదు. ఈమధ్య జూబ్లీహిల్స్, గచ్చిబౌలి వైపు జపనీస్ రెస్టారెంట్లు వచ్చాయి. అక్కడ సుషీ తినే పిల్లలు చేప తాజాదనం గురించి మాట్లాడుతుంటే వింటుంటాను. సుషీ బాగా తెలిసినవాళ్లు మాత్రం ముందు చూసేది అన్నాన్ని. అది ఒంటి వేడికి దగ్గరగా ఉండాలి, వేళ్లతో ఎత్తితే విడిపోకూడదు, నోట్లో పడగానే గింజ గింజగా విడిపోవాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి, బిర్రబిగిసిన అన్నం మీద ఎంత ఖరీదైన చేప పెట్టినా అది మంచి సుషీ కాదు. పచ్చి చేపకూ ఓ లెక్కుంది. పరాన్నజీవులు చావడానికి చేపను మైనస్ 20 డిగ్రీల దగ్గర ఏడు రోజులు గడ్డకట్టించాలని అమెరికా ఆహార సంస్థ నియమం. అక్కడ ఏడు రోజుల చలి, ఇక్కడ పన్నెండు గంటల వేడి. రెండు చోట్లా మనిషి దృష్టి ఖరీదైన వస్తువు మీదికి పోతుంది, వంటవాడి పనితనం మాత్రం చవకైన గింజలో బయటపడుతుంది.

పన్నెండు గంటలు అనే మాటను కూడా సరిచూసుకోవచ్చు. సాయంత్రం ఐదింటికి మొదటి ప్లేటు బయటికి రావాలంటే తెల్లవారుజామున ఐదింటికే కట్టెలు అంటుకోవాలి. సహరీ, అంటే ఉపవాసానికి ముందు తెల్లవారుజామున తినే తిండి, అయ్యాక పాతబస్తీ రోడ్ల మీద నడిస్తే ఏ బట్టీలో నిప్పుందో, ఏ బట్టీ ఇంకా చల్లగా ఉందో కంటికే తెలుస్తుంది. నేను ఓ రోజు ఉదయం ఎనిమిదింటికి అలా తిరిగాను. పక్కపక్కనే ఉన్న రెండు బట్టీల్లో ఒకదాని ఇటుకల మీద చెయ్యి పెట్టలేనంత వేడి, రెండోదాని మీద పిల్లి పడుకుని ఉంది. సాయంత్రం రెండూ ఒకే ధరకు అమ్మాయి. రాత్రి ఒంటిగంట దాకా అమ్మే చోట మాత్రం ఇంకో ప్రశ్న అడగాలి, రెండో విడత ఎన్నింటికి ఎక్కించారని. నిజంగా వండేవాళ్లు ఈ ప్రశ్నకు నొచ్చుకోరు, గర్వంగా గంట చెబుతారు.

పాత్ర విషయం కొంచెం లోతుగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ చూడరు. స్టీలుతో పోలిస్తే రాగి వేడిని దాదాపు పాతిక రెట్లు ఎక్కువగా ప్రసరింపజేస్తుంది. కట్టెల మంట ఒకచోట ఎగసి ఒకచోట తగ్గినా రాగి ఆ వేడిని అడుగంతా పరుస్తుంది. స్టీలు పాత్రలో మంట తగిలిన చోటే గోధుమ అడుగంటుతుంది, ఆ మాడు వాసన మసాలాలను దాటుకుని వస్తుంది. అయితే రాగికి లోపల కళాయి ఉండాలి. తగరం పూత తెల్లగా మెరుస్తుంటే సరే. గిన్నె అంచు లోపలి వైపు ఎర్రగా బయటపడిందంటే కళాయి అరిగిపోయినట్టు, రాగి నేరుగా తిండికి తగులుతున్నట్టు. వడ్డించే మనిషి మూత తీసినప్పుడు అంచు మీద ఒక్క చూపు వేస్తే చాలు.

నెయ్యి గురించి పెద్దగా చెప్పను. మంచి నెయ్యి వాసన ప్లేటు కంటే ముందు వస్తుంది. డాల్డా అయితే తిన్న పది నిమిషాలకు అంగిలి మీద మైనపు పొర మిగులుతుంది. నిమ్మకాయ రెండు చెంచాలు తిన్నాక పిండుకోండి, ముందే పిండితే ఈ రెండింటి తేడా తెలియదు. చికెన్ సిక్స్టీఫైవ్, క్రీమ్, నాలుగు గుడ్డు ముక్కలు పేర్చిన 'స్పెషల్' ప్లేట్ల మీద నాకు కోపం లేదు. కాకపోతే ఒక హోటల్‌కు మొదటిసారి వెళ్తే సాదా ప్లేటే అడగాలన్నది నా గట్టి అభిప్రాయం. చికెన్ హలీం జీఐ లెక్కలోకి రాదు. అలాగని అది మోసం కాదు, చికెన్ అని రాసి చికెన్ ధరకు అమ్మినంత కాలం.

ధరను ప్లేటుకు చూడకండి, వంద గ్రాములకు చూడండి. 350 గ్రాముల డబ్బా 280 రూపాయలైతే వంద గ్రాములు 80. 250 గ్రాములది 240 అయితే వంద గ్రాములు 96. చవక అనిపించిన రెండోదే ఖరీదు. బరువు చెప్పని చోట అడగడానికి మొహమాటపడొద్దు.

ఇప్పుడు పార్సిల్. ఇక్కడ రుచి కంటే పెద్ద విషయం ఆరోగ్యం. చంద్రమాన సంవత్సరం 354 రోజులు కాబట్టి రంజాన్ ఏటా దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2018లో అది మే నడి ఎండల్లో మొదలైంది, 2026లో ఫిబ్రవరిలో. మరో పాతికేళ్లకు మళ్ళీ మే వస్తుంది. పండుగ ఏ నెలలో వచ్చినా హలీం 60 డిగ్రీల పైన ఉండాలి, వండిన తిండిని మామూలు గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచొద్దన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. కారణం చెబుతాను. పెద్ద పాత్రల్లో వండిన మాంసంలో క్లోస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా బీజాలు మరిగే వేడికి కూడా చావకుండా మిగలొచ్చు. తిండి మెల్లగా చల్లారుతూ 45 డిగ్రీల దగ్గర నిలిచినప్పుడు అవి మొలకెత్తి, పది నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. రెండు గంటలంటే పన్నెండు రెట్టింపులు. ఒకటి 4,096 అవుతుంది. చిక్కటి హలీం చాలా నెమ్మదిగా చల్లారుతుంది, కాబట్టి ఆ ప్రమాదపు వేడిలో ఎక్కువసేపు ఉంటుంది. పాతబస్తీలో కట్టించుకుని కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో గంటన్నర ఇరుక్కుంటే, ఇంటికెళ్లగానే గోరువెచ్చగా తినేయకుండా పొగలు కక్కేదాకా వేడి చేయాలి. మిగిలినదాన్ని పెద్ద గిన్నెలో కాక వెడల్పాటి పళ్లెంలో పరిచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. జనం ఎక్కువున్న హోటల్ రుచిగా ఉంటుందని హామీ లేదు కానీ, అక్కడ పాత్ర త్వరగా ఖాళీ అవుతుంది. క్యూను నేను ఆ ఒక్క కారణానికే గౌరవిస్తాను.

బిల్లు చేతికొచ్చినప్పుడు ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే నంబరు చూడండి. 2022 జనవరి 1 నుంచి దాన్ని బిల్లు మీద ముద్రించడం తప్పనిసరి. మొత్తం 14 అంకెలు. మొదటి అంకె 1 అయితే లైసెన్సు, 2 అయితే చిన్న వ్యాపారుల రిజిస్ట్రేషన్. తర్వాతి రెండు అంకెలు రాష్ట్రానివి, తెలంగాణకు 36. ఆ తర్వాతి రెండూ సంవత్సరం. బిల్లు మీద నంబరే లేకపోతే వంటగది ఎలా ఉందో అడిగే హక్కు మనకు ఇంకాస్త పెరుగుతుంది.

ఈ వంటకం ఇక్కడికి వచ్చిన దారి కూడా నాణ్యత తెలుసుకోవడానికి పనికొస్తుంది. పదో శతాబ్దపు బాగ్దాద్ వంట పుస్తకంలోనే గోధుమ, మాంసం కలిపి దంచే హరీసా ఉంది. నిజాంల సైన్యంలో చేరడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు దాన్ని హైదరాబాద్‌కు తెచ్చారు. వాళ్ల బ్యారక్స్ ఉన్న చోటే నేటి బార్కస్. మసాలాలన్నీ ఇక్కడ చేరాయి. 1956లో మదీనా హోటల్ ఇరానీ యజమాని దాన్ని హోటల్ వంటకంగా అమ్మకానికి పెట్టారు. మసాలా చేరని పాత రూపం హరీస్‌ను 2023 డిసెంబరులో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది, యూఏఈ, ఒమన్, సౌదీ అరేబియాల పేరిట.

బార్కస్ అరబ్బు ఇళ్లలో అది ఇప్పటికీ పొద్దుటి తిండి. మిత్రుడు నన్ను తన దూరపు చుట్టాలింటికి తీసుకెళ్లాడు. శొంఠి వాసన లేదు, మిరియం ఘాటు లేదు, పైన ఉల్లిపాయలూ లేవు. దాచుకోవడానికి ఏమీ లేని గిన్నె. గోధుమ రుచి ఎంతో, మాంసం రుచి ఎంతో నాకు మొదటిసారి విడివిడిగా తెలిసింది అక్కడే. "ఉప్పుదా, తీపిదా?" అని లోపల్నుంచి పెద్దావిడ అడిగారు. మేం జవాబు చెప్పేలోపే రెండూ వచ్చాయి. మిత్రుడు తీపి గిన్నెను తన వైపు లాక్కుని, దాని మీద ఇంకో చెంచా నెయ్యి వేయించుకున్నాడు.