డీసోల్డరింగ్ గన్ వాడే తమ్ముళ్లకు: బోర్డూ పాడవొద్దు, ఒళ్లూ పాడవొద్దు

దుబాయ్, షార్జా లాంటి చోట్ల టీవీ, ఏసీ, వాషింగ్ మెషిన్ బోర్డులు బాగుచేసే షాపుల్లో మనోళ్లు ఉన్నారు. వీళ్లలో చాలామంది పని చూసి నేర్చుకున్నవాళ్లే. పాత సోల్డర్‌ను కరిగించి లోపలికి పీల్చుకునే పిస్టల్ లాంటి సాధనం డీసోల్డరింగ్ గన్. అది మొరాయిస్తే బోర్డు ట్రాక్ లేచిపోతుంది. ఆ ఖర్చు మన జీతం మీద పడుతుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

వాడే పద్ధతి: ముందు ప్లగ్ తీసి, పెద్ద కెపాసిటర్లలో నిలవున్న కరెంటు పోయిందో లేదో మీటర్‌తో చూడండి. నాజిల్ రంధ్రం పార్టు కాలు కన్నా కొంచెం పెద్దగా ఉండాలి. సీసం కలిసిన 63/37 సోల్డర్ 183 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. సీసం లేనిదానికి దాదాపు 217 కావాలి. గన్ వేడి మాత్రం 350 దగ్గర మొదలుపెట్టండి. నాజిల్‌ను నిటారుగా ఆనించండి, గట్టిగా అదమొద్దు. సోల్డర్ పూర్తిగా కరిగి పార్టు కాలు కదిలాకే ట్రిగ్గర్ నొక్కండి. గన్ పైకి లేపాక కూడా ఒకట్రెండు సెకన్లు నొక్కే ఉంచండి. లేకపోతే సోల్డర్ గొట్టంలోనే గడ్డకడుతుంది. మొదటిసారికి రాకపోతే కొత్త సోల్డర్ కొంచెం పెట్టి మళ్లీ లాగండి. అంతేగానీ వేడి పెంచుకుంటూ పోవొద్దు.

కాపాడుకునే పద్ధతి: పీల్చడం తగ్గిందంటే మోటారు పోయిందని అనుకోకండి. ఎక్కువసార్లు నాజిలో, ఫిల్టరో మూసుకుపోయి ఉంటుంది. నాజిల్ వేడిగా ఉన్నప్పుడే క్లీనింగ్ పిన్ దూర్చండి. చల్లగా ఉన్నప్పుడు పొడిస్తే పిన్ విరిగి లోపలే ఇరుక్కుంటుంది. ఫిల్టర్ గట్టిపడితే మార్చాలి. పని అయ్యాక నాజిల్ మొనకు కొత్త సోల్డర్ పూసి ఆపేస్తే తుప్పు పట్టదు.

ఒంటి సంగతి: ఫ్లక్స్ పొగ రోజూ పీలిస్తే ఆస్తమా రావొచ్చు. పొగలాగే ఫ్యాన్ పెట్టమని ఓనర్‌ను అడగండి. ఫిల్టర్లో చేరిన పొడిలో సీసం ఉండొచ్చు, నోటితో ఊదొద్దు. దాన్ని మూత డబ్బాలో వెయ్యండి. తినేముందు, సిగరెట్ ముట్టే ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. పని బట్టలతో రూముకెళ్లి మంచం మీద వాలొద్దు.

జీతం కోత: గన్‌కు ఫిల్టర్లు, నాజిళ్లు కొనివ్వమని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టండి. అదే రేపు మీకు సాక్ష్యం. యూఏఈలో 2021 నాటి 33వ నంబరు కార్మిక చట్టం ప్రకారం, ఇష్టమొచ్చినట్టు జీతం కోయడానికి లేదు. చట్టంలో చెప్పిన కారణాలకే కోయాలి. కారణాలు ఎన్ని చూపినా మొత్తం కోత జీతంలో సగం దాటకూడదు. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టకండి. అన్యాయంగా కోస్తే కార్మిక శాఖ 80084 నంబరుకు ఫోన్ చెయ్యండి.