మేము, మనము



ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు తెనుగు వ్యాకరణము చెప్పితిని. ఉత్తమపురుష బహువచనమునకు మన భాషలో మేము, మనము అని రెండు రూపములు గలవు. వినువానిని విడిచి చెప్పునపుడు మేము అనవలెను; వినువానిని గూడ కలుపుకొని చెప్పునపుడు మనము అనవలెను. ఇంటికి వచ్చిన చుట్టముతో ‘మేము భోజనము చేసెదము’ అన్నచో అతడు అరుగుమీదనే కూర్చుండవలసినవాడు. ‘మనము భోజనము చేసెదము’ అన్నచో కాళ్లు కడుగుకొని లోనికి వచ్చి పీటమీద కూర్చుండును. ఒక్క మాటలో అంత భేదమున్నది. ఆంగ్లభాషలో ఈ రెంటికిని ఒకటే మాట. ఆ భాషలో వ్రాసిన యొక గ్రంథమును చదువునపుడు ఈ భేదము నన్ను అడుగడుగున పట్టి నిలిపెను. ఆ గ్రంథమును గూర్చియే నేటి ప్రసంగము.

అది 1941లో అమెరికాలో వెలువడినది. దాని పేరును తెనుగున ‘కోటి యిరువది లక్షల నల్ల గొంతులు’ అని చెప్పవచ్చును. ఆనాడు అమెరికా సంయుక్త రాష్ట్రములలోని నల్లజాతివారి సంఖ్యను ఉద్దేశించి పెట్టిన పేరది. వ్రాసినవాడు రిచర్డు రైట్, తానును ఆ జాతివాడే. వ్రాతతోపాటు ఛాయాచిత్రములు అనేకము గలవు. వానిని ఏర్చి కూర్చినవాడు ఎడ్విన్ రాస్కమ్. మాటకు చిత్రము సాక్ష్యమిచ్చుచు, చిత్రమునకు మాట ప్రాణము పోయుచుండును. విషయము వలస.

పూర్వకథ కొంత చెప్పవలెను. 1619లో వర్జీనియా తీరమునకు ఆఫ్రికానుండి పట్టి తెచ్చిన మనుష్యులను ఓడలో దింపిరి. అది మొదలు రెండు వందల నలుబది యేండ్లకు పైగా వారిని, వారి సంతానమును పశువులవలె కొనుచు అమ్ముచు వచ్చిరి. ఘోరమైన అంతర్యుద్ధము ముగిసిన పిదప 1865లో రాజ్యాంగమును సవరించి దాస్యమును రద్దుచేసిరి. స్వేచ్ఛ వచ్చెను గాని దానితో భూమి రాలేదు. దక్షిణ రాష్ట్రములలో ప్రత్తిచేలన్నియు మునుపటి యజమానుల చేతిలోనే నిలిచెను. నల్లవారిలో పెక్కుమంది వారి భూమిని పాలికి చేసికొని బ్రదుకవలసినవారైరి. విత్తనము యజమానిది, అప్పు యజమానిది, ఉప్పు పప్పులు తెచ్చుకొను కొట్టును తరచుగ యజమానిదే. పంటమీద నాగు తీసి తీర్చలేక నలిగిన కుటుంబములను ఎరిగిన పెద్దలకు ఈ పద్ధతిని విస్తరించి చెప్పనక్కరలేదు. కోతలైన పిదప పద్దు చూచువాడును యజమానియే. లెక్క యేమని అడిగినవానికి ప్రాణభయము. గుంపుగూడి, విచారణ లేకయే, నల్లవానిని చెట్టున కురితీయుట ఆ రాష్ట్రములలో తరచుగ జరిగెను. రైలుపెట్టె వేరు, బడి వేరు, త్రాగునీటి కుళాయి వేరు. ఓటు హక్కు కాగితముమీదనే యుండెను.

ఇట్లుండగా రెండు సంగతులు తటస్థించెను. ప్రత్తికాయను తొలుచు పురుగొకటి 1892 ప్రాంతమున మెక్సికోనుండి టెక్సాసులో ప్రవేశించి, యేటేట తూర్పునకు సాగుచు చేలను నాశనము చేసెను. అటుపిమ్మట 1914లో మొదటి ప్రపంచయుద్ధము వచ్చి ఐరోపానుండి కూలీల రాక తగ్గిపోగా, ఉత్తరమున చికాగో, డెట్రాయిటు మొదలగు నగరములలోని కర్మాగారములకు చేతులు కరవయ్యెను. చికాగోలో 1905లో ఒక నల్లజాతివాడు స్థాపించిన ‘డిఫెండరు’ అను వార్తాపత్రిక, బయలుదేరి రండని దక్షిణమువారిని పిలిచెను. రైళ్లలో సేవకులుగా పనిచేయు నల్లవారు ఆ పత్రికను కట్టలుగ తెచ్చి పల్లెపల్లెకు చేర్చిరి. చదువు రానివారికి చదువు వచ్చినవారు చదివి వినిపించిరి. కూలీలు పోయినచో చేలు బీడుపడునని భయపడి కొన్ని యూళ్ల అధికారులు పత్రికలను లాగికొనిరి, రైలెక్కబోవువారిని ఆపిరి. ఆగినవారు తక్కువ. 1910 మొదలు 1970 వరకు సుమారు 60 లక్షలమంది దక్షిణమును విడిచిరి. చికాగో నగరమొక్కదానిలోనే 1910లో 44 వేలున్న నల్లవారి సంఖ్య 1920 నాటికి 1 లక్షా 9 వేలయ్యెను.

అమరకోశమున దిక్కులకు చెప్పిన పేర్లలో ‘ఆశా’ అనునది యొకటి. కోరిక యను అర్థమున వాడు ఆశకును ఈ మాటకును రూపమొకటే. బాల్యమున వల్లించినపుడు దిక్కునకు ఆశయని పేరేల వచ్చెనో నాకు బోధపడలేదు. ఈ వలసకథ చదివినపుడు బోధపడెను. ఉన్నచోట కదలక కూర్చున్నవాని ఆశ పగటికల వంటిది. మూట నెత్తికెత్తుకొని బయలుదేరినవాని ఆశకు ఒక దిక్కు గలదు. వీరి ఆశకు ఉత్తరము దిక్కయ్యెను. రంగమునకు ఓడయెక్కిన మన కోస్తా జిల్లాలవారి ఆశకు తూర్పు దిక్కైనట్లే.

రిచర్డు రైట్ ఈ వలసలో తానును నడచినవాడు. 1908లో మిసిసిపీ రాష్ట్రమున పాలికాపు ఇంట పుట్టెను. తండ్రి కుటుంబమును విడిచిపోయెను. బడిలో చదువు చెప్పిన తల్లి పక్షవాతముతో మంచము పట్టెను. బాల్యమంతయు ఆకలితో గడచెను. మెంఫిసు పట్టణమున పనిచేయు దినములలో అతనికి చదువుమీద దాహము కలిగెను గాని అచ్చటి గ్రంథాలయము నల్లవారికి పుస్తకములు ఎరువిచ్చునది కాదు. తనతో పనిచేయు తెల్లవాని చీటిని అడిగి పుచ్చుకొని, ఆ తెల్లవాడే తనను పుస్తకములకు పంపినట్లు ఉత్తరము తానే కల్పించి వ్రాసి, పుస్తకములు తెచ్చుకొని చదివెను. 1927లో, పందొమ్మిదవ యేట, చికాగో చేరెను. పదమూడేండ్లకు, 1940లో, అతని నవల ‘నేటివ్ సన్’ దేశమంతట పేరు పొందెను. మరుసటి యేడు ఈ గ్రంథము వచ్చెను.

గ్రంథమున నాలుగు భాగములు. మొదటిది ఓడలలో తెచ్చిన విచిత్రజన్మమును, రెండవది దాస్యపు వారసత్వమును, మూడవది నగరపు రాతిబాటలమీది మరణమును, నాలుగవది తయారగుచున్న మనుష్యులను చెప్పును. చెప్పువాడు ‘నేను’ అని యనడు. మొదటినుండి కడవరకు బహువచనమే. దాస్యములో పుట్టినవారును, ప్రత్తి ఏరినవారును, రైలెక్కినవారును అందరు నొక్క గొంతుతో పలుకుదురు. తెనుగు చేయవలసివచ్చినచో మొదటి మూడు భాగములలో ఆ మాటను ‘మేము’ అనియే వ్రాయవలెను. చదువరి అప్పటికి బయటివాడు. మేము పడినదిది, నీవు వినుమని చెప్పుట అది.

నగరము వారి ఆశను తీర్చెనా? ఇందు రైట్ దాచినది లేదు. నల్లవారు అచ్చట అన్ని పేటలలో ఉండరాదు. వారికి ఇల్లు అమ్మము, అద్దెకియ్యమని ఇంటి యజమానులు పత్రములు వ్రాసికొనిరి. కావున వచ్చినవారందరు కొన్ని వీథులలోనే క్రిక్కిరియవలసివచ్చెను. అచ్చటి అద్దెల లెక్కను అతడు ఇట్లు చూపును. ఏడు గదుల వాటా తెల్లవారికి నెలకు 50 డాలర్లు. దానినే ఏడు ముక్కలు చేసి, గదికొక చిన్న పొయ్యి, నీళ్లతొట్టి అమర్చి, ఒక్కొక్క గదిని ఒక్కొక్క నల్ల కుటుంబమునకు వారమునకు 6 డాలర్లకిత్తురు. అనగా నెలకు 50 డాలర్ల వాటామీద వారమునకే 42 డాలర్లు రాబడి. దక్షిణమున పద్దు వ్రాసినచేయి ఉత్తరమున అద్దెచీటి వ్రాసినట్లయ్యెను. పెక్కు కుటుంబములకు ఒకటే స్నానపుగది. గాలి లేదు. రోగములు వచ్చెను, పిల్లలు చెడిపోయిరి. ఇంత వ్రాసియు, వచ్చుట పొరపాటని రైట్ ఎచ్చటను వ్రాయడు. పద్దు చూపుమని అడుగనేరని చోటినుండి, అడిగి బ్రదుకగల చోటికి వచ్చిరి. ఆశ ఫలించుట యన్నను, ఆశపడు హక్కు దక్కుట యన్నను ఒకటి గాదు. రెండవది దక్కెను.

ఇక చిత్రములు. నష్టపడిన రైతులకు సహాయము చేయుటకై ఏర్పడిన ప్రభుత్వ శాఖ యొకటి, 1935 మొదలు దేశమంతట ఛాయాగ్రాహకులను పంపి పల్లెల స్థితిని చిత్రములు తీయించెను. గ్రంథములోని చిత్రములలో పెక్కు అందుండి ఏరినవి. చికాగో సంగతులకై 1941 ఏప్రిలులో రాస్కమును, రస్సెల్ లీ యను ఛాయాగ్రాహకుడును ఆ నగరమునకు పోయిరి. ఆ ఈస్టరు పండుగనాడు లీ తీసిన చిత్రమొకటి నేటికిని లోకమెరిగినది. అయిదుగురు నల్లపిల్లలు పండుగ బట్టలు తొడుగుకొని ఒక మోటారుబండి ముందుభాగమున చేరియున్నారు. వారి చూపులలో దైన్యము లేదు. వారి యిల్లు ఇరుకుగది కావచ్చును. ఆ బట్టలకు తల్లి యెన్ని పూటలు పస్తుండెనో చిత్రము చెప్పదు. ఆ పిల్లలు మాత్రము ఎవరికిని తీసిపోనివారివలె నిలిచియున్నారు. పెద్దలారా, ఆశ రూపమెట్లుండునని నన్నడిగినచో ఆ చిత్రమును చూపెదను.

ఛాయాచిత్రపు బలమును ఈ జాతివారు పూర్వమే ఎరిగిరి. ఫ్రెడరిక్ డగ్లస్ అను మహావక్త బానిసగా పుట్టి 1838లో తప్పించుకొని పోయి, 1845లో స్వీయచరిత్ర వ్రాసెను. ఆనాటి చిత్రకారులు నల్లవారి మొగములను వికారము చేసి గీయుచుండిరి. కెమెరాకు ద్వేషము లేదు, ఉన్నది ఉన్నట్లు చూపునని తలచి, అతడు జీవితమంతయు మాటిమాటికి ఛాయాచిత్రములు తీయించుకొనెను. వానిలో సుమారు 160 నేటికి నిలిచియున్నవి.

కాని కెమెరా యెవరి చేతనున్నదని గూడ విచారింపవలెను. 1834 మొదలు మారిషస్ ద్వీపమునకు చెరకుతోటల పనికై మన దేశమునుండి లక్షలమంది పోయిరి. వారిలో తెనుగువారును గలరు. 1867లో అచ్చటి ప్రభుత్వము, కూలి గడువు తీరినవారు గూడ తమ ఛాయాచిత్రమంటించిన చీటిని ఎల్లప్పుడు దగ్గర నుంచుకొనవలెనని శాసించెను. చీటి లేనివానిని పట్టి బంధింతురు. డగ్లసునకు గౌరవమిచ్చిన యంత్రమే వీరికి సంకెల యయ్యెను. ఆ వెనుకటి చిత్రములు ఆ ద్వీపమున భద్రముగనున్నవి. నేడు వారి మునిమనుమలు వానిలో తమ పెద్దలను వెదకికొనుచున్నారు. సంకెలగా వచ్చినది వంశవృక్షమయ్యెను. ఆ ద్వీపమున ఉగాది నేడు ప్రభుత్వపు సెలవుదినము.

రైట్ గ్రంథమున చిత్రములు తీసినవారు మిక్కిలిగ తెల్లవారే. మరుసటి యేడు, 1942లో, గార్డన్ పార్క్స్ అను నల్లజాతి యువకుడు ఆ ప్రభుత్వ శాఖలోనే చేరెను. అతడు రైలులో వడ్డనపని చేయుచు, ప్రయాణికుడు విడిచిపోయిన పత్రికలో వలస కూలీల చిత్రములు చూచి, తాకట్టు కొట్టులో కెమెరా కొనినవాడు. వాషింగ్టనులో ఆ శాఖ భవనమును రాత్రులందు తుడుచు నల్లజాతి స్త్రీని ఆ దేశపు జెండా యెదుట నిలిపి, ఒక ప్రక్క చీపురు, ఒక ప్రక్క తడిగుడ్డ కఱ్ఱ ఉండగా చిత్రము తీసెను. ఆమె మౌనముగ చూచుచుండును. ఈ జెండా మీదియేనా, నాది గూడనా యని ఆ చూపు అడుగుచున్నట్లుండును.

ఆ ప్రశ్నయే రైట్ గ్రంథపు కడపటి భాగమునను గలదు. అచ్చట అతడు తెల్ల చదువరివైపు తిరిగి, మా బ్రదుకులో నీవు చూచునది నీ ముఖమే, మా కథ నీ దేశపు కథయేనను భావమును చెప్పును. ఆంగ్లమున మాట మారలేదు. తెనుగు చేయువాడు మాత్రము అచ్చట కలము నిలిపి, ‘మేము’ను కొట్టివేసి ‘మనము’ అని వ్రాయవలెను. ఆ జాతివారి వలస అంతయు ఆ రెండు మాటల నడుమ నడచిన దారి యని నా తలంపు. అది వేగముగ సాగలేదు. నల్లవారికి ఇల్లియ్యరాదను పత్రములను న్యాయస్థానములు అమలుచేయరాదని అమెరికా సర్వోన్నత న్యాయస్థానము 1948లో తీర్పిచ్చెను. ఓటు హక్కును గట్టిచేయు చట్టము 1965లో వచ్చెను. రైట్ దానిని చూడలేదు. అతడు 1947లో పారిసు చేరి, 1960లో అచ్చటనే మరణించెను.

నా సంగతి యొకటి చెప్పి ముగించెదను. ఇరువదియేండ్లకు పూర్వము నేను పనిచేసిన బడికి దగ్గర ఇటుకబట్టీ యుండెను. ఒడిసానుండి వచ్చిన కుటుంబములు అందు పనిచేయుచుండెడివి. వారి పిల్లలలో ఒకడు అప్పుడప్పుడు వచ్చి వెనుక కూర్చుండెడివాడు. హాజరుపట్టీలో అతని పేరు లేదు. సంవత్సరాంతమున తరగతి ఛాయాచిత్రము తీయించునపుడు అతడును వచ్చి వరుస చివర నిలిచెను. ‘పక్కకు పో బాబూ, మేము ఫొటో తీయించుకుంటున్నాము’ అంటిని. వ్యాకరణము తప్పలేదు. ఆ చిత్రము నేటికిని నా గోడమీద నున్నది. అంచున ఒక భుజము, ఒక చెవి, సగము మొగము కనబడును. వెనుక నలుబదిరెండు పేర్లు నా చేతితో వ్రాసితిని. ఆ బాలుని పేరు అందు లేదు. నేను అడుగలేదు.

మన యూళ్లకు నేడును పొరుగు రాష్ట్రములనుండి కూలికి వచ్చువారు గలరు. రచ్చబండమీద కూర్చుండు పెద్దలు వారిని పేరడిగి పిలిచిన దినమున మన భాషలోని రెండవ మాటకు అర్థము నిలుచును.